చెరువు గట్టు మీద బ్యాటరీ రీడింగ్ పడిపోతుంటే

భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున 12 వోల్టుల బ్యాటరీ ఛార్జింగులో 14.4 దాకా వెళ్తుంది. దాన్ని కొలిచే ఈఎస్‌పీ32 (చిన్న కంట్రోలర్ చిప్)కి అది డివైడర్ (వోల్టేజీని తగ్గించే రెండు రెసిస్టర్ల జోడీ) ద్వారానే ఇవ్వాలి. 1 మెగా ఓమ్, 180 కిలో ఓమ్ జోడీతో రాత్రిళ్లు రీడింగ్ తగ్గేది, మల్టీమీటరులో మాత్రం బ్యాటరీ నిక్షేపంగా ఉండేది. తప్పు బోర్డుదే: ఉప్పు పట్టిన చోట మంచుకి తడి చేరి, కింది రెసిస్టరు పక్కనుంచే కరెంటు కారిపోతోంది. సన్నటి తెల్లటి చార కంటికే కనబడింది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కారే కరెంటు ప్రభావం తగ్గేలా చిన్న విలువల రెసిస్టర్లు, 100, 18 కిలో ఓమ్‌లు (1 శాతం మెటల్ ఫిల్మ్) వేసి, ఆరాక వార్నిష్ పూశాను. బ్యాటరీ 14.4 ఉన్నప్పుడు చిప్ పిన్ దగ్గర 2.2 వోల్టులు. 3.3 దాకా సాగదీయకండి, 2.45 దాటితే ఈ చిప్ సరిగా కొలవదు. పిన్‌కీ గ్రౌండుకీ మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి. పిన్ రీడింగును బ్యాటరీ వోల్టేజీగా మార్చే గుణకం లెక్క ప్రకారం 6.56, మల్టీమీటరుతో పోల్చి సవరించుకోండి.