కొత్త ఎయిర్ పిస్టల్ ఇంటికొచ్చాక, పెల్లెట్ ముట్టుకోకముందు

2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కంచు పతకాలు కొట్టిన దగ్గర్నుంచి మన విజయనగరం, సిక్కోలు వైపు కూడా ఎయిర్ పిస్టల్ కొనిపెట్టమని అడిగే గుంటలు ఎక్కువయ్యారు, చాలా మంచి విషయం. కానీ డబ్బా విప్పిన సాయంత్రమే పెరట్లో కొబ్బరి చిప్ప నిలబెట్టి కొట్టడం మొదలెడతారు చూడండి, దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి. మొదటి కొన్ని వారాలు పెల్లెట్ల, అంటే సీసం గుళ్ళ, డబ్బా బీరువాలోనే ఉండాలి.

ముందు కాగితాల సంగతి. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బోర్ (గొట్టం లోపలి వెడల్పు) .177 అంగుళాలు, పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ లోపు ఉండే ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. అయినా షాపు బిల్లు, ఐడీ కాపీ పిస్టల్ కేసులోనే పెట్టేయండి, బస్సులోనో ట్రైన్‌లోనో ఎవరైనా అడిగితే కేసు తెరవకుండా ముందు బిల్లు చూపించొచ్చు.

ఇంట్లో అందరికీ, చిన్నపిల్లలకి కూడా, మొదటిరోజే చెప్పాల్సింది ఒకటుంది. లోపల ఏమీ లేదని తెలిసినా సరే ఉన్నట్టే పట్టుకోవాలి, మూతి మనిషి వైపు తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. పనయ్యాక పెల్లెట్ పెట్టే లోడింగ్ పోర్ట్ తెరిచి బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాలి, రేంజ్‌లో ఎలాగూ అడుగుతారు. గడ్డి కోసే మెషిన్‌కి వాడే నారింజ రంగు నైలాన్ వైరు ముక్క సరిపోతుంది, కాకపోతే అది అటు మూతిలోంచీ ఇటు పోర్ట్‌లోంచీ రెండు వైపులా బయటికి కనబడాలి, అలా కనబడితేనే లోపల పెల్లెట్ లేదని దూరం నుంచి చూసినోడికి కూడా తెలుస్తుంది.

మీది కంప్రెస్డ్ ఎయిర్ పిస్టల్ అయితే సిలిండర్ మీద తయారైన తేదీ కొట్టి ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నోళ్ళు అది తప్పకుండా చూడండి. కంపెనీ చెప్పిన గడువు, మామూలుగా 10 ఏళ్ళు, దాటిన సిలిండర్‌ని వాడొద్దు, లోపల 200 బార్ ప్రెషర్ ఉంటుందండి, అది ఆటలాడే వస్తువు కాదు. హ్యాండ్ పంపుతో గాలి కొడితే పంపు వేడెక్కుతుంది, మధ్యలో ఆపి చల్లారనివ్వాలి, లేకపోతే గాలిలో తేమంతా సిలిండర్‌లోకి పోతుంది. కళింగపట్నం, భోగాపురం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది ఇంకా ముఖ్యం, పంపులో తేమ పట్టే ఫిల్టర్ ఉంటే దాన్ని మారుస్తూ ఉండాలి. వాడాక ఇనుప భాగాల్ని పొడి గుడ్డతో తుడిచి పల్చగా నూనె రాయండి, చెక్క గ్రిప్‌కి మాత్రం తగలనివ్వకండి.

ఇంక అసలు ప్రాక్టీస్. పోటీలకి వాడే మంచి మ్యాచ్ పిస్టల్స్‌లో డ్రై ఫైర్ సెట్టింగ్ ఉంటుంది, గాలి రాకుండా ట్రిగ్గర్ ఒక్కటే టక్ మంటుంది. స్ప్రింగ్ పిస్టల్‌తో మాత్రం ఇలా ఖాళీగా పేల్చొద్దు, పిస్టన్ దెబ్బతింటుంది, దాని మాన్యువల్ చూసుకోండి. సున్నం వేసిన తెల్ల గోడకి ఒక మీటరు దూరంలో నిలబడండి, గోడ మీద చుక్క కూడా ఉండకూడదు. ఎందుకంటే చుక్క కనబడగానే కన్ను దాని మీదకి పోతుంది, మనకి కావాల్సింది ముందు సైట్ (మూతి దగ్గర గురి చూసుకునే పలక) వెనక సైట్ గాడిలో సరిగ్గా మధ్యన, పైన సమానంగా, అటూ ఇటూ వెలుతురు ఒకేలాగ. చూపు ముందు సైట్ మీదే ఉంచి వేలిని మెల్లగా నిటారుగా వెనక్కి నొక్కుతూ పోండి. టక్ మన్నప్పుడు ముందు సైట్ కదిలిందా లేదా, రోజంతా చూడాల్సింది అదొక్కటే. కుడిచేత్తో కాల్చేవాళ్ళకి ఎడమకి జరిగితే వేలు పక్కకి తోస్తున్నట్టు, కిందకి పడితే మణికట్టు వదిలేస్తున్నట్టు, లేదంటే చెయ్యంతా కలిపి పిసికేస్తున్నట్టు. ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకి తగ్గకూడదని పోటీ రూల్, మొదట్నుంచీ అదే బరువుతో అలవాటు చెయ్యండి.

నిలబడేది ఒక చేత్తోనే, రెండో చెయ్యి జేబులోనో బెల్టులోనో పెట్టేయాలి. కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తి తెరిచి చూడండి, పక్కకి పోయి ఉంటే చేతిని లాగి సరిచెయ్యకుండా వెనక పాదం కొంచెం జరపండి, ఒళ్ళంతా కలిసి తిరగాలి. ఊపిరి సగం వదిలి ఆపి, ఏడెనిమిది సెకన్లలో టక్ మనకపోతే దించేయండి. దించడం నేర్చుకున్న పిల్లలే బాగుపడతారు, మొండిగా పట్టుకుని లాగించేవాళ్ళకి స్కోరు పెరగదు. బరువులెత్తిన కరణం మల్లీశ్వరి ఊరు వూసవానిపేట ఉన్న సిక్కోలు జిల్లా మనది, బలం అంటే మనకి గౌరవం ఎక్కువ, కానీ ఇక్కడ కిలో బరువున్న వస్తువుని అరవై సార్లు ఒకేలాగ ఎత్తడం, ఒకేలాగ దించడం, బలం ఆ ఓపికకే వాడాలి.

టక్ మన్నప్పుడు సైట్ నిలబడటం అలవాటయ్యాక పెల్లెట్లు తియ్యండి. మన వీధి ఇళ్ళు పొడుగ్గా ఉంటాయి కదా, అరుగు, సావిడి, నడిమిల్లు, వంటిల్లు దాటి పెరడు, గుమ్మాలన్నీ ఒక వరసలో. 10 మీటర్లు చాలా ఇళ్ళలో దొరికేస్తుంది, కానీ అదే ప్రమాదం కూడా. నీళ్ళ బిందెతో అమ్మమ్మ పక్క గదిలోంచి ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకని పక్క గుమ్మాలన్నిటికీ మనం కాల్చే వైపు నుంచి గొళ్ళెం పెట్టి, టార్గెట్ వెనక గట్టి గోడ ఉందో లేదో చూసి, కాల్చే మనిషితో పాటు పెద్దోళ్ళొకరు పక్కన ఉంటేనే మొదలెట్టాలి, కళ్ళజోడు ఇద్దరికీ ఉండాలి. టార్గెట్ కార్డు వెనక పెల్లెట్లు పట్టే ఇనుప బాక్స్ పెట్టండి, ఒట్టి గోడకి కొడితే సీసం ముక్కలు వెనక్కొస్తాయి. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు, సీసం కదా.

టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు. నడిమధ్యన 10 పాయింట్లిచ్చే రింగ్ అడ్డంగా 11.5 మిల్లీమీటర్లే, నల్ల వృత్తం మొత్తం 59.5. చోటు లేకపోతే 5 మీటర్లలో సగం సైజు కార్డు పెట్టుకోండి, ఎత్తు మాత్రం అదే. గురి నల్లని దాని నడిమధ్యన పెట్టకుండా దాని కింద తెలుపులో పెట్టండి, నలుపు మసగ్గా కనబడుతుంది, కనబడనివ్వండి. తల చదునుగా ఉండే పెల్లెట్లే కొనాలి, చిల్లు గుండ్రంగా తెగుతుంది, లెక్క తేలిక.

ఒక్క పెల్లెట్ పక్కకి పోయిందని సైట్ తిప్పకండి. కనీసం పది కొట్టి, అన్నీ ఒకచోటే గుంపుగా పడి ఆ గుంపు పక్కనుంటే అప్పుడు తిప్పాలి, చిల్లులు ఎటు జరగాలో వెనక సైట్ అటే జరగాలి. గుంపే లేకుండా చెల్లాచెదురుగా పడుతున్నాయంటే సైట్ తప్పు కాదు, మళ్ళీ పెల్లెట్లు బీరువాలో పెట్టి తెల్ల గోడ దగ్గరికి వెళ్ళండి. పోటీలో 60 షాట్లు, 75 నిమిషాలు, దానికి ముందు 15 నిమిషాలు సైటింగ్, అంటే గురి సరిచూసుకోడానికి. ఇంట్లో 20 షాట్లు ఒకేలాగ పడటం మొదలయ్యాక కోచ్ ఉన్న రేంజ్‌కి తీసుకెళ్ళండి, వెళ్ళేటప్పుడు ఆ కార్డులు పారెయ్యకుండా తేదీ వేసి పట్టుకెళ్తే కోచ్ వాటిని చూసే వేలు తప్పా పాదం తప్పా చెప్పగలరు.