పాత లాప్‌టాప్‌లో శబ్దం బాగుపడాలంటే ఏం చేయాలి?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇళ్లలో ఉండే లాప్‌టాప్ చాలావరకు ఒక్క రకమే. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో చదివే పిల్లలు కొత్తది కొనుక్కుని ఇంటికి వదిలేసినది. తెలుగు వార్తలు, పెద్దవాళ్ల ప్రవచనాలు, చిన్నవాళ్ల పాఠాలు అన్నీ దాంట్లోనే. తెర బాగానే ఉంటుంది, మీటలు రెండు ఊడినా పని ఆగదు. మాట మాత్రం గరగరలాడుతుంది, లేదా వంటింట్లోకి వినపడదు. వెంటనే బరంపురం వెళ్లేవాళ్ల చేత స్పీకర్లు తెప్పించేస్తారు. తీరా తగిలించాక గరగర ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

కొనడం ఆఖరున. అంతకుముందు తీసేయాల్సినవి చాలా ఉన్నాయి: దుమ్ము, అక్కర్లేని ఎఫెక్టులు, ఆ చిన్న స్పీకరు మోయలేని శబ్దాలు. నేను చూసిన లాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి ఇంతకు మించి ఏమీ అవసరం పడలేదు.

కావలసినవి: మెత్తటి పెయింటు బ్రష్షు, కాగితపు మాస్కింగ్ టేపు, పనిచేసే ఇయర్‌ఫోన్ ఒకటి, కాసేపు ఇంటర్నెట్. అంతే.

1. తప్పు ఎక్కడుందో చూడండి

ఇయర్‌ఫోన్ పెట్టి ఒక పాట, ఒక ప్రసంగం వినండి. అందులోనూ గరగర ఉంటే తప్పు చాలావరకు సాఫ్ట్‌వేర్‌ది, 3వ అంచెకి వెళ్లండి. ఇయర్‌ఫోన్‌లో శుభ్రంగా ఉండి స్పీకర్లోనే పాడైతే తప్పు స్పీకరు దగ్గర ఉంది. స్పీకర్లోంచి అసలేమీ రాకపోతే ఇయర్‌ఫోన్ పిన్నుని నాలుగైదుసార్లు పెట్టి తీయండి. పాత లాప్‌టాప్‌లలో ఆ రంధ్రం లోపలి స్విచ్చు ఇరుక్కుని, పిన్ను ఇంకా ఉందనే భ్రమలో ఉంటుంది.

గరగర తక్కువ వాల్యూమ్‌లో కూడా ఉంటే స్పీకరు పొర చిరిగింది, లేదా దాని మీద ఏదో పడింది. బాగా పెంచినప్పుడే వస్తుంటే స్పీకరు చాలావరకు బాగానే ఉన్నట్టు. దాని మందు 4వ అంచెలో ఉంది.

2. దుమ్ము

లాప్‌టాప్ ఆపేసి, స్పీకరు మీది జాలీ ఉన్న వైపు కిందికి వచ్చేలా పట్టుకుని బ్రష్షుతో దులపండి. తర్వాత టేపు జిగట వైపు జాలీ మీద అద్ది లేపండి, దుమ్ము దానికి అంటుకుని వస్తుంది. గుండుసూది పెట్టి పొడవకండి, స్పీకరు పొర జాలీకి ఆనుకునే ఉంటుంది. నోటితో ఊదకండి, తడి లోపలికి పోతుంది. మన దగ్గర వానాకాలపు చెమ్మకి ధూపం పొగ కూడా తోడైతే ఆ దుమ్ము బంకలా పట్టేస్తుంది, ఒక్కసారికి వదలదు. మర్నాడు మళ్లీ చేయండి.

ఇంకొకటి. చాలా లాప్‌టాప్‌ల స్పీకర్లు అడుగున, ముందు అంచుకి ఉంటాయి. శబ్దం బల్లకి తగిలి పైకి రావాలి. పరుపు మీద, ఒళ్లో దిండు మీద పెట్టుకుని వినేవాళ్లు స్పీకరు నోరు మూసి, వినపడలేదంటారు. చెక్క బల్ల మీద పెట్టండి. గాజు బల్ల వద్దు.

3. ఎఫెక్టులు తీసేయండి

కంట్రోల్ ప్యానెల్, సౌండ్, స్పీకర్స్, ప్రాపర్టీస్. అందులో బాస్ (కింది మోత) పెంచే బాస్ బూస్ట్, చుట్టూ శబ్దం వస్తున్నట్టు భ్రమ కలిగించే వర్చువల్ సరౌండ్ లాంటివి టిక్కు పెట్టి ఉంటే తీసేయండి. అరచేయంత దూరంలో ఉన్న రెండు స్పీకర్లతో సరౌండ్ ఏమిటి? చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ దగ్గర చేసే లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఒక్కటి మాటలకి పనికొస్తుంది, పాటలకి పనికిరాదు. బ్రౌజర్‌లో "600 శాతం సౌండ్ బూస్టర్" లాంటిది తగిలించి ఉంటే ఇవాళే పీకేయండి. వీడియోలు చూసే వీఎల్‌సీ ప్రోగ్రాంలో వాల్యూమ్ 100 దాటించకండి.

సౌండ్ డ్రైవర్ (విండోస్‌కీ సౌండ్ పరికరానికీ మధ్య పనిచేసే ప్రోగ్రాం) కావాలంటే లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి, తయారుచేసిన కంపెనీ సైటులోనే వెతికి దింపుకోండి. "మీ డ్రైవర్లన్నీ పాతవైపోయాయి" అని భయపెట్టే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఈ వయసు లాప్‌టాప్‌లు చాలావాటికి 11 ఎక్కదు. అందుకని విండోస్ బదులు వాడే ఉచిత వ్యవస్థ లైనక్స్‌కి మారినవాళ్లుంటే, వాళ్లకి ఈజీఎఫెక్ట్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కింద చెప్పబోయే అంకెలు దానికీ సరిపోతాయి.

4. ఈక్వలైజర్ (తొందరపడితే పాడయ్యేది ఇక్కడే)

ఈక్వలైజర్ అంటే కింది, మధ్య, పై శబ్దాలని విడివిడిగా పెంచి తగ్గించేది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రాం దింపుకుని ఇన్‌స్టాల్ చేయండి. మధ్యలో ఒక కిటికీ తెరిచి ఏ పరికరానికి అని అడుగుతుంది. స్పీకర్స్ దగ్గర టిక్కు పెట్టి, లాప్‌టాప్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి. తర్వాత కాన్ఫిగరేషన్ ఎడిటర్ తెరవండి. అందులో ముందే కొన్ని ఉదాహరణ వరసలు ఉంటాయి. వాటిని తీసేసి ఖాళీగా మొదలుపెట్టండి. దీనిపైన పీస్ అనే ఇంకో ప్రోగ్రాం వేసుకుంటే చూడ్డానికి తేలిక. నేను వేసుకోను, వరసలు నా కంటికి కనపడాలి.

ఇక ఆగి చదవండి. ఈక్వలైజర్ చేతికి రాగానే అందరూ చేసే మొదటి పని ఎడమ చివరి మీటలు, అంటే కింది మోతవి, పైకి తోయడం. ఠాకురాణి అమ్మవారి యాత్రలో డప్పుల మోతకి ఛాతీ అదిరినవాళ్లం కదా, ఆ దమ్ము ఇందులోంచి కూడా కావాలి. రాదు. లాప్‌టాప్ స్పీకరు బొటనవేలంత ఉంటుంది, మోసేది ఒకటి రెండు వాట్లు. శబ్దం ఎంత కిందిదో, ఎంత పైదో చెప్పే కొలత హెర్ట్జ్, అంకె తగ్గే కొద్దీ మోత. 150 హెర్ట్జ్ కంటే కింద శబ్దం పుట్టించాలంటే గాలిని బాగా నెట్టాలి, అంత పొర దానికి లేదు. మీరు 60 హెర్ట్జ్ దగ్గర ఎంత పెంచినా చెవికి చేరేది సున్నా. స్పీకరు మాత్రం ఆ శక్తంతా తిని, చివరిదాకా కొట్టుకుని, వేడెక్కుతుంది.

లెక్క చెబుతాను. శబ్దం ఎంత పెంచామో, తగ్గించామో చెప్పే కొలత డీబీ (డెసిబెల్). 3 డీబీ పెంచారంటే స్పీకరుకి వెళ్లే శక్తి రెట్టింపు. 6 డీబీ అంటే నాలుగు రెట్లు. మీట కాస్త జరిపినట్టే కనిపిస్తుంది, రెండు వాట్ల స్పీకరుని ఎనిమిది వాట్లు అడుగుతున్నారు.

రెండో ప్రమాదం స్పీకరు దాకా పోకముందే జరుగుతుంది. డిజిటల్ శబ్దానికి 0 డీబీ అనే పై హద్దు ఉంది. అది పాత ఇంటి గుమ్మం లాంటిది: ఎత్తు పెరగదు, మనిషే వంగాలి. ఈమధ్య వచ్చే పాటలన్నీ ఆ హద్దుకి తల ఆనించే తయారవుతున్నాయి. దాని మీద మీరు 6 డీబీ కలిపితే అల పైభాగం తెగిపోయి బల్లపరుపుగా మారుతుంది. ఆ తెగిన అలే గరగర. చాలామంది దాన్ని స్పీకరు పాడైన చప్పుడనుకుంటారు. నిజంగా పాడు కాకపోయినా, అలా గంటల తరబడి వింటే లోపలి సన్నటి తీగచుట్ట వేడికి కాలి, అప్పుడు నిజంగానే పాడవుతుంది.

కాబట్టి వరస ఇది. మార్చకండి.

మొదట మొత్తం శబ్దాన్ని ఒకేసారి పెంచి తగ్గించే ప్రీయాంప్ వరస చేర్చి మైనస్ 6 పెట్టండి. శబ్దం తగ్గిపోయిందని గాబరా పడకండి. వంగడానికి చోటు చేసుకున్నాం, అంతే.

తర్వాత హై-పాస్ ఫిల్టరు, 150 హెర్ట్జ్ దగ్గర. అంటే అంతకు కింది శబ్దాలు స్పీకరు దాకా పోవు. ఇక్కడే నన్ను అందరూ తిడతారు, బాస్ తీసేస్తే ఇంకేం మిగిలిందని. ఎలాగూ వినపడనిదాన్ని తీశాం. మోత తగ్గాక స్పీకరు ఊపిరి పీల్చుకుంటుంది, అదే వాల్యూమ్‌లో మాట తేటపడుతుంది. పదకొండు, పన్నెండు అంగుళాల చిన్న లాప్‌టాప్ అయితే 200 పెట్టండి.

మూడోది చెవికి పని. ప్రతి లాప్‌టాప్ ప్లాస్టిక్ పెట్టెకీ ఒక మొండి స్వరం ఉంటుంది. ఆ స్వరం వచ్చినప్పుడల్లా పెట్టె తానూ కలిసి మోగుతుంది. దాన్ని పట్టుకోవాలి. వాల్యూమ్ బాగా తగ్గించి, మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టండి. ఒకచోటి శబ్దాన్నే పెంచి తగ్గించే పీకింగ్ ఫిల్టరు ఒకటి చేర్చి, క్యూ (ఎంత సన్నగా పనిచేయాలో, అంకె పెరిగితే సన్నం) 4, గెయిన్ (ఎన్ని డీబీ పెంచాలో) ప్లస్ 6 పెట్టి, దాని ఫ్రీక్వెన్సీని 300 నుంచి 2000 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా జరపండి. ఎక్కడో ఒకచోట చెవి మూసుకోవాలనిపించేంత వికారంగా మోగుతుంది. ఆ మొండి స్వరం అదే. అక్కడ ఆపి, ప్లస్ 6ని మైనస్ 5 చేయండి. వాల్యూమ్ తగ్గించకుండా ఈ వెతుకులాట చేయొద్దు. పైన చెప్పిన నాలుగు రెట్ల లెక్క ఇక్కడా వర్తిస్తుంది. రెండో మొండి స్వరం దొరికితే దాన్నీ కోయండి. మూడోది వెతక్కండి. అంతలోపే చెవి అలసిపోయి, ప్రతిదీ మొండిగానే వినిపిస్తుంది.

ఆఖరుగా 3000 హెర్ట్జ్ దగ్గర ప్లస్ 3, క్యూ 1. ఈ మొత్తంలో పెంచేది ఇదొక్కటే. క, చ, ట లాంటి హల్లుల పదును చాలావరకు 2000, 4000 మధ్య ఉంటుంది. పెద్దవాళ్లకి వయసుతో ముందు తగ్గేది పై శబ్దాల వినికిడే. ప్రవచనం వినపడటం లేదంటే వాళ్లకి కావలసింది ఇదే, వాల్యూమ్ కాదు.

ఇప్పుడు కింది గ్రాఫు పక్కన పీక్ గెయిన్ అనే అంకె చూడండి. అది 0 దాటకూడదు. మైనస్ 2, మైనస్ 3 ఉంటే ప్రీయాంప్‌ని ఆ మేరకు పైకి తేవచ్చు, 0 కంటే ఒక మెట్టు కిందే ఆపండి. ప్లస్‌లో ఉంటే ప్రీయాంప్ ఇంకా దించండి. ఒక పాట బాగా వినపడిందని ఈ అంకెని వదిలేయకండి, రేపు ఇంకో పాటకి గరగర వస్తుంది.

బాగుపడిందో లేదో తేల్చేటప్పుడు ఒక మోసం ఉంది. ఏది పెద్దగా వినపడితే అదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. ఫిల్టర్లు ఆపినప్పుడు శబ్దం పెద్దదవుతుంది కాబట్టి పాతదే నయం అనిపిస్తుంది. ఆపినప్పుడు వాల్యూమ్ కాస్త తగ్గించి, రెండూ సమానం చేసుకుని, అప్పుడు పోల్చండి. ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే ఇంకా మంచిది.

రెండు చిన్న సంగతులు. చాలా లాప్‌టాప్‌లలో స్పీకరు, ఇయర్‌ఫోన్ రెండూ విండోస్‌కి ఒకే పరికరం. ఇయర్‌ఫోన్ పెట్టినప్పుడు బాస్ లేకుండా పీలగా ఉంటే కారణం ఇదే, ఫిల్టర్లు ఆపి వినండి. డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక మార్పులన్నీ పోయినట్టుంటే ఈక్వలైజర్ పోలేదు, ముడి ఊడిందంతే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పరికరం అడిగిన ఆ కిటికీని (డివైస్ సెలెక్టర్, పాత వెర్షన్లలో కాన్ఫిగరేటర్) తెరిచి స్పీకర్స్‌కి మళ్లీ టిక్కు పెట్టండి.

5. స్పీకరు నిజంగానే చిరిగితే

జిగురు పెట్టి అతికించొద్దు. ఆ మోడల్‌కి సరిపోయే స్పీకర్ల జత నాలుగైదు వందల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పాతదాని వెనక ఎన్ని ఓంలు, ఎన్ని వాట్లు అని రాసి ఉంటుంది, అదే కొనండి. 4 ఓంల చోట 8 పెడితే శబ్దం తగ్గుతుంది. విప్పే ముందు బ్యాటరీ కనెక్టరు ఊడదీయాలి. విప్పడం చేతకాకపోతే రిపేరు షాపుకి ఇవ్వండి, స్పీకరు మాత్రం మీరే కొని పట్టుకెళ్లండి.

6. బయటి స్పీకర్లు కొంటే

వైరు ఉన్నవే. బ్లూటూత్ వద్దు. పెదవులు కదిలాక మాట వస్తుంది, చార్జింగు ఇంకో గోల. యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునే రెండు స్పీకర్ల జత ఐదారు వందలకి వస్తుంది, అదే చాలు.

పెట్టె మీద "2000 వాట్స్ పీఎంపీఓ" అని ఉంటే చూడనట్టు వదిలేయండి, అది అమ్మకం కోసం ఉబ్బించిన అంకె. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. దాంట్లోంచి రెండు వేలు ఎక్కడి నుంచి వస్తాయి? పక్కన సన్నటి అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అని ఉంటుంది, స్పీకరు ఆగకుండా మోయగలిగే వాట్లు అవి. నమ్మాల్సింది అదొక్కటే అంకె. స్పీకర్లని గోడకి జానెడు దూరంలో, ముఖం మీ వైపు తిరిగేలా పెట్టండి. గోడ దగ్గరయ్యే కొద్దీ కింది శబ్దం ఉచితంగా పెరుగుతుంది. వీటికి హై-పాస్‌ని 150 నుంచి 80కి దించుకోవచ్చు.

తగిలించగానే "హుం" అని ఒకటే మోతో, మౌస్ కదిపినప్పుడల్లా సన్నటి కీచో వస్తే స్పీకర్లు వెనక్కి పంపకండి. ముందు లాప్‌టాప్ చార్జరు పీకి చూడండి. మోత ఆగితే గొడవ కరెంటు వైపుది. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది గానీ పెద్ద రంధ్రానికి ఎర్తు తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఎర్తు ఉండి కూడా మోత వస్తే కొందరు చార్జరు పిన్ను మీద టేపు చుడతారు, విరిచేస్తారు. ప్రాణాల మీదికి తెచ్చుకునే పని అది. కీచు మాత్రమే వస్తుంటే, స్పీకర్ల యూఎస్‌బీ వైరు లాప్‌టాప్ నుంచి తీసి ఇంట్లో ఉన్న ఏదైనా ఫోను చార్జరుకి పెట్టండి. కరెంటు ఒక దారిన, పాట ఒక దారిన వస్తే ఆ కీచు చాలావరకు పోతుంది. అప్పటికీ మిగిలితే రెండు మూడు వందల్లో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, దాన్ని ఆడియో వైరు మధ్యలో పెట్టండి.