గ్రిఫన్ ఆల్బమ్ వినాలంటే ముందు బసూన్‌ని పట్టుకోండి

1970ల ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి, మెలికలు తిరిగే రాక్ సంగీతం) అనగానే యెస్, జెనెసిస్ బ్యాండ్ల పేర్లే చెబుతాం. ఆ సందడిలో మరుగున పడిపోయింది గ్రిఫన్ అనే ఇంగ్లీషు బ్యాండ్ 1974లో చేసిన ఆల్బమ్ ‘రెడ్ క్వీన్ టు గ్రిఫన్ త్రీ’. చదరంగం ఆట చుట్టూ అల్లిన నాలుగు పొడవాటి ట్రాక్‌లు, పాడే గొంతే లేదు. అందుకే చాలామంది పది నిమిషాలకే ఆపేస్తారు. నేనూ మొదటిసారి అంతే.

ఇలా చేసి చూడండి. మొదటి ట్రాక్ వదిలేసి, మూడోది ‘లామెంట్’తో మొదలుపెట్టండి. కీబోర్డులు, గిటార్ ఏం చేస్తున్నాయో పట్టించుకోకుండా, బ్రయన్ గలండ్ వాయించే బసూన్ ఒక్కదాని వెంటే వెళ్లండి. రాక్ బ్యాండ్‌లో అరుదుగా వినిపించే, నోటితో ఊదే మంద్రస్వర వాయిద్యం, కాస్త ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. ఫోన్ స్పీకర్‌లో దాని కింది స్వరాలు సరిగా వినపడవు, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

రెండోసారి అదే బ్యాండ్‌లోని రిచర్డ్ హార్వే పిల్లనగ్రోవుల కోసం వినండి. ఆ తర్వాతే మొత్తం దాదాపు నలభై నిమిషాలూ వరసగా. పని చేసుకుంటూ మాత్రం వద్దు, సగం మిస్సవుతారు.