లుకేమియా ఉన్న బిడ్డకు ఉదయాన్నే తలనొప్పి వస్తే ఏం చేయాలి

అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు మెయింటెనెన్స్ మందులు (వ్యాధి అణిగాక తిరగబెట్టకుండా చాలాకాలం ఇచ్చేవి) వాడుతున్న బిడ్డ ఇంట్లో ఉంటే, రక్తపరీక్ష బాగుంది కదా అని మెదడు విషయంలో నిశ్చింతగా ఉండకూడదు. రక్తంలో తిరిగే చాలా మందులు మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే నీటిలోకి తగినంతగా చేరవు కనుక, అక్కడ మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరగవచ్చు. నడుములో సూది వేసి మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందును ఆ నీటిలోకి ఇచ్చేది ఇందుకే. బిడ్డ ఏడుస్తాడని దాన్ని వాయిదా వేయవద్దు.

నిద్ర లేవగానే తలనొప్పి, వెంటనే వాంతి అయితే మన కోనసీమ ఇళ్లలో పైత్యమని శొంఠి కషాయం పడతారు. ఈ బిడ్డ విషయంలో మాత్రం అది మెదడు వైపు వ్యాధి తిరగబెట్టిన గుర్తు కావచ్చు కనుక, అదే రోజు క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయాలి. వస్తువులు రెండుగా కనబడటం, కొత్తగా మెల్లకన్ను రావడం, మగతగా ఉండటం, గడ్డం మొద్దుబారడం కూడా అంతే ముఖ్యం. బిడ్డను వెలుతురులో కూర్చోబెట్టి కళ్లు గట్టిగా మూయమనండి, పళ్లు కనబడేలా నవ్వమనండి. ఒక కన్ను పూర్తిగా మూతపడకపోయినా, మూతి ఒక పక్కకు లాగినా ఆలస్యం చేయకూడదు.

నడుము సూది తరువాత కొద్దిరోజులు వచ్చే తలనొప్పి సాధారణంగా కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. అయినా తేడా తేల్చవలసింది డాక్టరే. నొప్పి ఏ వేళ వస్తోందో, పడుకుంటే ఏమవుతోందో మీరు రాసిపెట్టండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సూది వేయించవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే లక్షణాలు తాత్కాలికంగా అణిగి, నడుము నీటి పరీక్షలో కణాలు దొరక్కుండా పోవచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే కండకు వేసే సూదితోనే లోపల రక్తం కారి, చేరి వాపు రావచ్చు. ఫిట్స్ వచ్చినా, స్పృహ తగ్గినా 108కి ఫోన్ చేసి దగ్గరి పెద్దాసుపత్రికి చేర్చి, అక్కడి నుంచే విశాఖ హోమీ భాభా ఆసుపత్రి అయినా, హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అయినా, మీ చికిత్స జరుగుతున్న చోటికి కబురు చేయించండి.

వ్యాధి తిరగబెట్టిందని తేలినా చికిత్స ఉంది: నడుము సూదులు, బలమైన కీమో, కొందరికి రేడియేషన్, కొందరికి మూలుగ మార్పిడి. మూలుగ పరీక్ష కూడా చేస్తున్నారా అని తప్పక అడగండి, ఎందుకంటే వ్యాధి మెదడు వైపే ఉందా, మూలుగలోనూ ఉందా అన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది.

లంక గ్రామాల వారు గోదావరికి వరద హెచ్చరిక రాగానే, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఆగిపోకముందే, ఫైలుతో, మందులతో బిడ్డను గట్టు మీద బంధువుల ఇంటికి చేర్చాలి.