పాత మందులు పోగేసే ముందు

ఫ్రిజ్ పైనో బీరువా అరలోనో మందుల కవరు ఒకటి ఉంటుంది చూడండి, సగం వాడిన షీట్లు, ఎప్పుడో జ్వరానికి రాసిన యాంటీబయాటిక్, పోయిన తాతయ్య బీపీ మాత్రలు. కావలిలో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇదే. ఒక ఆదివారం రామాలయం అరుగు మీద కూర్చుని అన్నీ పోగేశాం, సాయంత్రానికి రెండు బియ్యం సంచులయ్యాయి. ఎవరికివ్వాలో మాత్రం ముందు అడగలేదు. చెత్త బండి అబ్బాయి "నాకొద్దన్నా" అన్నాడు, నెలరోజులు అవి మా వరండాలోనే.

అందుకే ముందు తీసుకెళ్లేవాళ్లను చూసుకోండి, తర్వాతే వీధిలో చెప్పండి. టౌనైతే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని, పల్లెలో అయితే సచివాలయంలో అడగండి. కాలం చెల్లిన మందులు ఇళ్లలోని ప్రమాదకర చెత్త అని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు, ఆ మాట గుర్తుచేసి మందుల కోసం బండి వచ్చే రోజు ఖాయం చేసుకోండి.

పోగేసేటప్పుడు సీసాల మీద, చీటీల మీద పేర్లు కొట్టేయమనండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. మా వీధి అత్త ఒకావిడ మనవడి సిరప్ ఇస్తూ "ఎవరైనా పేదోళ్లకియ్యి నాయనా, డబ్బు పెట్టి కొన్నాం" అంది. మూత తీసిన మందు ఎవరికీ ఇవ్వకూడదత్తా అని చెప్పేసరికి కాఫీ చల్లారిపోయింది.

ట్రమడాల్, ఫెంటానిల్ ప్యాచీలు (గట్టి నొప్పి మందులు), డయజిపామ్ (ఆందోళన తగ్గించే మందు) మాత్రం మీ సంచిలోకి తీసుకోవద్దు. పొరపాటున వేరేవాళ్లు వాడితే ప్రాణం మీదికొస్తుంది, పైగా అవి మత్తుమందుల చట్టం కిందికొస్తాయి, మీ సంచిలో దొరికితే అదో టెన్షన్. ఈ మూడింటినీ, ఇలాంటివి మరికొన్నింటినీ ఇంట్లోనే టాయిలెట్లో పోసి నీళ్లు కొట్టమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో జాబితా ఇచ్చింది. మిగతావి ఏవీ అలా పోయకండి. ఒక్క మాత్రతో ఏమవుతుందిలే అనుకోవద్దు, బయట మిగిలిపోయిన మందు వేరే జీవాల మీద పడుతుంది. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోతే 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించాల్సొచ్చింది.

పెరట్లో తగలబెట్టడం కూడా వద్దు, షీట్ల ప్లాస్టిక్ పొగ మంచిది కాదు, స్ప్రే ఇన్‌హేలర్ అయితే పేలొచ్చు.

ఇన్సులిన్ సూదుల్ని మందుల్లో కలపకండి. ఖాళీ ఫినాయిల్ సీసాలో వేసి, మూతకి టేపు చుట్టి, పైన "సూదులు" అని పెద్దగా రాసి ఇమ్మనండి. చెత్త ఏరేవాళ్లకి గుచ్చుకుంటే మళ్లీ టెస్టులకి తిరగాల్సింది వాళ్లే.

ఎంత అడిగినా మందుల కోసం బండి రాకపోతే? మాత్రల్ని షీట్లోంచి తీసి, నలగ్గొట్టకుండా, తడి మట్టిలోనో వాడిన కాఫీ పిప్పిలోనో కలిపి, గట్టిగా మూతపడే డబ్బాలో వేసి, కుక్కలకూ పిల్లలకూ అందకుండా ఎవరింటివి వాళ్లే నేరుగా మామూలు చెత్త బండికే ఇవ్వండి.

ఇంకోటి, ఇంట్లో మళ్లీ మందులు పోగుపడకుండా, తలనొప్పి మాత్ర ఒకటో రెండో కావాలంటే మెడికల్ షాపువాళ్లు షీటు కత్తిరించి ఇస్తారు. ఎక్స్‌పైరీ తేదీ కనబడే ముక్కే ఇమ్మని అడగండి.