గిట్-బిల్డ్‌ప్యాకేజ్ డాక్యుమెంటేషన్ ప్యాచ్‌లు: సమస్యలు, పరిష్కారాలు

డెబియన్ లినక్స్ ప్యాకేజీలను గిట్ అనే వెర్షన్ నియంత్రణ సాధనంలో నిర్వహించేవారు వాడే గిట్-బిల్డ్‌ప్యాకేజ్‌కు (క్లుప్తంగా జీబీపీ) మాన్యువల్, మ్యాన్‌పేజీలు (ఆదేశాల సహాయ పేజీలు) డాక్‌బుక్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో ఉంటాయి. వాటిని నలుగురు కలిసి సవరించేటప్పుడు ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ కిందివే.

సమస్య: డాక్యుమెంటేషన్ తప్పని ప్యాచ్ (మార్పుల ఫైల్) పంపితే, ఉన్నదే సరైనదని నిర్వాహకులు తిప్పి పంపారు.

అన్నింటిలోకీ ఎక్కువ శ్రమ వృథా అయ్యేది ఇక్కడే. జీబీపీ తన సెట్టింగులను ఒక్క చోటు నుంచి తీసుకోదు. మొదట సిస్టమ్ మొత్తానికి ఉన్న జీబీపీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్‌ను, తర్వాత హోమ్ డైరెక్టరీలోని దాన్ని, ఆపైన ప్యాకేజీ డెబియన్ డైరెక్టరీలోని దాన్ని, చివరికి .గిట్ లోపలి దాన్ని చదువుతుంది, వాటిలో తర్వాత చదివిన విలువే చెల్లుతుంది. అసలు సోర్స్ టార్ ఫైల్‌ను గిట్ నుంచే యథాతథంగా తిరిగి తయారుచేయించే ప్రిస్టీన్-టార్ ఆప్షన్‌నే తీసుకోండి. దాని డిఫాల్ట్ విలువ ఫాల్స్ అని మాన్యువల్ చెబుతుంది. కానీ మీరు పనిచేస్తున్న ప్యాకేజీలోని జీబీపీ.కాన్ఫ్ దాన్ని ట్రూగా మార్చి ఉంటే, మాన్యువలే పొరపాటు పడినట్టు మీకు కనిపిస్తుంది. అందుకే జీబీపీ_కాన్ఫ్_ఫైల్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను డెవ్-నల్‌కు (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్) మళ్లించి ఆదేశాన్ని మళ్లీ నడపండి. అప్పుడు వచ్చేదే అసలు ప్రవర్తన. దాన్ని సోర్స్‌లోని కాన్ఫిగ్.పై ఫైల్‌తో సరిచూసుకున్నాకే మాన్యువల్ జోలికి వెళ్లాలి. డాక్యుమెంటేషన్ ప్యాచ్‌కు పరీక్ష అక్కరలేదనే అభిప్రాయంతో నేను ఏకీభవించను, ఎందుకంటే తప్పుడు వాక్యాన్ని ఏ కంపైలరూ పట్టుకోదు.

సమస్య: అవతలివారి దగ్గర, మెయిల్‌లో వచ్చిన ప్యాచ్‌ను అతికించే గిట్ యామ్ ఆదేశం విఫలమవుతోంది.

వచ్చిన సందేశాన్ని జాగ్రత్తగా చదవండి. ఫలానా లైను దగ్గర ప్యాచ్ ‘కరప్ట్’ అయిందని ఉంటే, మెయిల్ ప్రోగ్రామ్ పొడవైన లైన్లను విరగ్గొట్టి ఉండవచ్చు. ‘డజ్ నాట్ అప్లై’ అని ఉంటే, ట్యాబులు స్పేసులుగా మారి ఉండవచ్చు, లేదా మీరు పాత కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) మీద పనిచేసి ఉండవచ్చు. మొదటి రెండింటికీ మందు ఒకటే: ప్యాచ్‌ను మెయిల్‌లో అతికించకుండా గిట్ సెండ్-ఇమెయిల్‌తో పంపడం, లేదా గిట్ ఫార్మాట్-ప్యాచ్ ఆదేశం ఇచ్చిన ఫైల్‌ను యథాతథంగా జతచేయడం. మూడోదానికి తాజా బ్రాంచి మీద రీబేస్ చేయాలి, అంటే మీ మార్పులను దానిపై మళ్లీ పేర్చాలి; గిట్ 2.9 (2016) నుంచి ఉన్న బేస్ ఆప్షన్‌ను ఫార్మాట్-ప్యాచ్‌కు ఇస్తే, ఏ కమిట్ మీద పనిచేశారో ప్యాచ్‌లోనే నమోదవుతుంది.

సమస్య: ప్యాచ్ అతికింది, మ్యాన్‌పేజీ మాత్రం బిల్డ్ కావడం లేదు.

ఆప్షన్ ట్యాగు తెరిచి మూయడం మరిచిపోతే, ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను తనిఖీ చేసే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్ ఆ తర్వాత వచ్చే పేరా ముగింపు ట్యాగు దగ్గర దోషం చూపుతుంది. సందేశంలో తెరిచిన ట్యాగు లైను సంఖ్య కూడా ఉంటుంది కనుక సవరణ అక్కడ మొదలుపెట్టండి. ఎక్స్‌ఎమ్‌ఎల్ వ్యాఖ్యల లోపల రెండు హైఫన్లు పక్కపక్కనే రాకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆప్షన్ల పేర్లు వాటితోనే మొదలవుతాయి కాబట్టి, ఒక ఆప్షన్ వివరణను తాత్కాలికంగా వ్యాఖ్యగా మార్చినప్పుడు ఈ దోషం వస్తుంది.

సమస్య: సవరించి మళ్లీ పంపిన ప్యాచ్‌లో ఏం మారిందో సమీక్షకులకు తెలియడం లేదు.

ఫార్మాట్-ప్యాచ్‌కు వెర్షన్ సంఖ్య ఇచ్చి, గిట్ 2.19 (2018)లో వచ్చిన రేంజ్-డిఫ్ (రెండు ప్యాచ్ వెర్షన్లను పోల్చే ఆదేశం) ఫలితాన్ని ప్యాచ్‌లతో పంపే పరిచయ సందేశమైన కవర్ లెటర్‌లో చేర్చండి. భాష దిద్దుబాట్లను, ఆప్షన్ల వివరణలో వచ్చిన మార్పులను ఒకే కమిట్‌లో కలపకండి. అలా కలిపితే ఒకదానిపై అభ్యంతరం వచ్చినా రెండూ ఆగిపోతాయి.