గండికోటకు కొత్తనీళ్ళు చేరేలోపు: పడవ మోటారుకు తొలి పది గంటలు

శ్రీశైలం నిండితే గాలేరు–నగరి కాలువ దారిన గండికోట జలాశయానికి కృష్ణ నీళ్ళు వస్తాయి. పైన ఆషాఢం గాలి. ఆ ఎదురుగాలిలో ఫుల్ థ్రాటిల్ ఇవ్వక తప్పదు, కొత్త మోటారుకు అదే చేటు. అందుకే రన్నింగ్-ఇన్, అంటే కొత్త మోటారును మెల్లగా నడిపి అలవాటు చెయ్యడం, ఇప్పుడే, గట్టు దగ్గర, తెల్లవారి గాలి లేచేలోపు కానివ్వండి.

కొత్త పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు ఇంకా ఒదిగి ఉండవు. మొదటిరోజే ఫుల్ ఇస్తే వేడికి పిస్టన్ సీజ్ కావచ్చు, అంటే కదలకుండా పట్టేయొచ్చు. అలాగని గేరు వెయ్యకుండా గంటలకొద్దీ ఊరికే తిప్పడమూ తప్పే: లోడు లేక రింగులు కూర్చోవు, గోడ నున్నబడుతుంది, ఆనక ఆ మోటారు ఎప్పుడూ ఆయిల్ తాగుతూనే ఉంటుంది.

ఫోర్ స్ట్రోక్‌కు సాధారణంగా మొదటి గంట 2000 ఆర్‌పీఎం, అంటే సుమారు సగం థ్రాటిల్ దాటనీయరు. రెండో గంట 3000 వరకు. తర్వాతి ఎనిమిది గంటలు ఫుల్ ఇవ్వొచ్చు గానీ ఒక్కో విడత ఐదు నిమిషాలు మించొద్దు. వేగం మాత్రం మారుస్తూనే ఉండాలి. మీ మోటారు పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. కొన్ని మోటార్లు ఆయిల్ పొయ్యకుండానే వస్తాయి, నిలువుగా నిలబెట్టి డిప్‌స్టిక్ చూశాకే స్టార్ట్ చెయ్యండి.

పెట్రోల్లో ఆయిల్ కలిపే టూ స్ట్రోక్ మోటార్లకు చాలావాటికి ఈ పది గంటలూ 25:1, అంటే 10 లీటర్లకు 400 మిల్లీలీటర్లు. ఆ తర్వాత 50:1, అంటే 200. పడవ మోటార్లకోసం చేసిన టీసీ-డబ్ల్యూ3 రకం ఆయిలే వాడండి, బైకులకు పోసేది వద్దు.

స్టార్ట్ కాగానే వెనక సన్నటి నీటిధార చూడండి. రాకపోతే వెంటనే ఆపి, నీళ్ళు లాగే జల్లెడకు బురదో ప్లాస్టిక్ కవరో అడ్డుపడిందేమో చూడండి. ఒడ్డున ఒట్టిగా తిప్పిచూడటం అస్సలు వద్దు: పంపులోని రబ్బరు ఇంపెల్లర్ క్షణాల్లో కాలిపోతుంది.

మోటారును పడవకు పట్టే బిగింపు స్క్రూలు కాసేపటికి వదులు కావచ్చు. మళ్ళీ బిగించి, మోటారును పడవకు తాడుతో కట్టండి. కిల్ స్విచ్ తాడు (మీరు పడితే మోటారును ఆపేది) చేతికి, ఒంటిమీద లైఫ్ జాకెట్. తాళ్ళప్రొద్దుటూరు ఊరు మునిగిన వైపు అడుగున గోడలు, మొద్దులు ఉంటాయి, అక్కడ రన్నింగ్-ఇన్ పెట్టుకోకండి. తెడ్లు, ప్లగ్గు, ప్లగ్గు పానా, మీ మోటారుకు షియర్ పిన్ (ప్రొపెల్లర్ దేనికైనా తగిలితే తాను విరిగి గేర్లను కాపాడే పిన్ను) ఉంటే రెండు పిన్నులు పడవలోనే ఉంచండి.

20 గంటలకు గేర్ ఆయిల్, ఫోర్ స్ట్రోక్‌కైతే ఇంజిన్ ఆయిల్ కూడా మార్చండి. గేర్ ఆయిల్ పాలరంగులో దిగితే సీలు దాటి నీళ్ళు చేరినట్టే, సీలు మార్చేదాకా పడవ దించొద్దు.